పిత్తాశయమునకు శస్త్రచికిత్స: చిక్కుపడినప్పటి మార్గములు



1938లో మాచాని సోమప్పగారు నేతగాండ్ర సహకార సంఘమును నెలకొల్పిన ఎమ్మిగనూరులో నూలు సంగతి ఎవరికిని చెప్పనక్కరలేదు. నూలు చిక్కుపడినచో నేతగాడు గుంజడు. కొన దొరకువరకు వెదకును. దొరకనిచో ఆ కొంత నూలును వదలుకొని పడుగును కాపాడుకొనును. పిత్తాశయమును తొలగించు వైద్యుని పనియు నిట్టిదే.

కాలేయము క్రింద నంటియుండు చిన్న సంచి పిత్తాశయము. పైత్యరసము అందు నిలువయుండి, భోజనానంతరము ప్రేవులోనికి పోవును. రాళ్లు పుట్టి సంచి మెడకు అడ్డుపడినచో కుడి డొక్కలో నొప్పి, వాంతి, జ్వరము కలుగును. పలువురు అజీర్ణమని తలచి సోడా త్రాగి కాలము గడుపుదురు. ఆ జాగులో సంచి వాచి, చుట్టునున్న అవయవములకు అంటుకొని, శస్త్రచికిత్స కఠినమగును.

1882లో బెర్లిను నగరమున కార్ల్ లాంగెన్‌బుఖ్ అను వైద్యుడు మొట్టమొదట ఈ సంచిని తొలగించెను. 1985లో జర్మనీ దేశస్థుడే యైన ఎరిక్ మ్యూహె పొట్ట కోయక, దుర్భిణిగొట్టముతో ఆ పని చేసెను. తోటివైద్యులు తొలుత ఆయనను లెక్కచేయలేదు. పండితుల లోకమెక్కడైనను అంతే! 1990లో బొంబాయిలో ఉద్వాడియాగారు ఆ పద్ధతిని మన దేశమున ప్రవేశపెట్టిరి.

అపాయమంతయు సంచి మెడవద్దనే యున్నది. అచ్చటి సన్నని నాళమునకు ప్రక్కనే, కాలేయమునుండి ప్రేవునకు పోవు ప్రధాన నాళము కలదు. దీనిని దానిగా భ్రమించి కోసినచో రోగి ఏండ్ల తరబడి బాధపడవలసివచ్చును. కావుననే 1995లో అమెరికా వైద్యుడు స్ట్రాస్‌బర్గు ఒక కట్టడి చెప్పెను: కొవ్వును పొరలను తొలగించి, సంచి అడుగును కాలేయమునుండి కొంత విడదీసి, సంచిలోనికి పోవునవి ఒక నాళము, ఒక రక్తనాడి, ఈ రెండే యని కంటితో చూచినగాని దేనిని కోయరాదు.

అట్లు కనబడనిచో? పొట్టను తెరచి చూడవచ్చును. సంచి పైకొననుండి విడదీయుచు మెడవైపునకు రావచ్చును. వాపు మిక్కిలిగా నున్నచో ఇందును ప్రమాదము కలదు. సంచిని చీల్చి, రాళ్లను తీసి, మెడవద్ద ముక్కను విడిచి తక్కినదానిని తొలగించుట పెక్కు సందర్భముల మేలైనది. రోగి మరీ నీరసించియున్నచో, చర్మముగుండ గొట్టము నుంచి రసమును వెలికి కార్చి, కోలుకొనిన పిదప శస్త్రచికిత్స చేయుదురు.

“చిన్న రంధ్రములన్నారు, పొట్ట కోసినారు” అని ఇంటివారు వాపోవుట కలదు. అది చేతకానితనము కాదు, ఆగవలసినచోట ఆగుట. విడిచిన ముక్కనుండి కొన్నాళ్లు రసము కారవచ్చును. అందులకై లోపల గొట్టము నుంతురు. ఆ ముక్కలో మరల రాళ్లు పుట్టుటయు అరుదుగా కలదు. తెగిన ప్రధాన నాళమును ప్రేవునకు అతుకుటతో పోల్చిన, ఆ కష్టము స్వల్పము.