పన్నెండో సంపుటం



సీరియల్ నవలలకి అలవాటుపడ్డ ప్రాణాలు మనవి. వచ్చే వారం దాకా ఆగడమంటే ఏమిటో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. కాని వచ్చే భాగం కోసం రెండేళ్ళో మూడేళ్ళో ఆగవలసి వస్తే? ఆ ఆగడంలోనే రాసే ఆయన కాస్తా పోతే?

అమెరికాలో చార్లెస్టన్ అనే వూళ్ళో వుండే ఒకాయన, రాబర్ట్ జోర్డాన్ అనే కలం పేరుతో ‘ది వీల్ ఆఫ్ టైమ్’ మొదలుపెట్టాడు. అంటే కాలచక్రమన్నమాట. రాజ్యాలూ, మంత్రశక్తులూ, లోకాన్ని మింగజూసే చీకటీ, అన్నీ వున్న కల్పిత గాథ. మొదటి సంపుటం 1990లో వచ్చింది. 2005 నాటికి పదకొండయ్యాయి, కథ మాత్రం తెమల్లేదు. 2007 సెప్టెంబరులో ఆయన అరుదైన జబ్బుతో కన్నుమూశాడు. పన్నెండోది, ‘ది గేదరింగ్ స్టార్మ్’, 2009లో వచ్చింది. అట్ట మీద రెండు పేర్లు. ఒకటి జోర్డాన్‌ది, రెండోది బ్రాండన్ శాండర్సన్ అనే యువ రచయితది.

మా పెద్దమ్మాయి సెలవులకి వచ్చినప్పుడల్లా ఒకటో రెండో తెచ్చి ఇంట్లో పడేసి పోయేది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక, పక్కన నిఘంటువు పెట్టుకుని రోజుకో గంట చదువుతూ వచ్చాను. పన్నెండోది పట్టుకునేసరికి చిక్కు ఇంగ్లీషుతో కాదు, జ్ఞాపకంతో! పెళ్ళింట్లో చుట్టాల్లాగా ఎవరెవరో వచ్చి పలకరిస్తారు. ఈవిడ ఎవరి తాలూకో, ఈయన మనవాడో పగవాడో చప్పున తట్టదు. అందుకు ప్రతి సంపుటం చివరా చిన్న పదకోశం వుంటుంది. ముందు అది చూసుకోండి. మళ్ళీ మొదటినుంచీ చదవాలనే పట్టుదల పెట్టుకుంటే మనకి ఈ జన్మకి తెమలదు. పదో సంపుటం మరీ నత్తనడక. తొమ్మిదో దాని చివర ఒక మహాసంఘటన జరుగుతూంటే అప్పుడు తక్కినవాళ్ళంతా ఏం చేస్తున్నారో చెప్పడంతోనే చాలామట్టుకు సరిపోతుంది. అక్కడ విసుగనిపిస్తే పేజీలు తిప్పేయండి, పాపమేమీ రాదు.

పన్నెండోది అట్లా కాదు. ఇందులో ఎగ్వీన్ అని ఒక పల్లెటూరి పిల్ల వుంది. పూటకూళ్ళింటివాళ్ళ అమ్మాయి. మంత్రశక్తి గల స్త్రీలంతా వుండే శ్వేతగోపురం రెండు ముక్కలైతే, ఒక పక్షం వాళ్ళు ఈ పిల్లని తమ అధినేత్రిగా ఎన్నుకున్నారు. రెండో పక్షం పట్టుకుపోయి, కొత్తగా చేరిన శిష్యురాలి కింద లెక్కగట్టి నేల తోమిస్తారు, రోజూ దెబ్బలు కొట్టిస్తారు. ఆ పిల్ల అన్నీ పడుతుంది గాని ఎవరికీ వంగి మర్యాద చెయ్యదు. తనవాళ్ళు విడిపించుకుపోతామన్నా రానంటుంది. శత్రువు ఇంటనే వుండి, అక్కడి ఆడవాళ్ళ మనసులు ఒక్కొక్కటే తిప్పాలని ఆమె పంతం. పైఅధికారిణి భోజనానికి కూర్చుని ఈమె చేత వడ్డన చేయించుకునే ఘట్టం ఒకటుంది. గరిటె పట్టుకున్నవాళ్ళకి ఎంత కనిపిస్తుందో మనకి తెలియనిదా!

కథానాయకుడు రాండ్ సంగతి వేరు. పదకొండో సంపుటంలోనే ఎడమచెయ్యి పోగొట్టుకున్నాడు. ఇందులో మనసూ రాయి చేసుకుంటాడు. పెంచిన తండ్రి వచ్చి అతని ఎదుట నిలబడే అధ్యాయం చదివేటప్పుడు మాత్రం పొయ్యిమీద పాలు పెట్టుకోకండి.

ఇంతకీ నా మనసులో నిలిచిన మనిషి కథలో లేదు. జోర్డాన్ భార్య హారియట్ మెక్‌డూగల్. వృత్తిరీత్యా సంపాదకురాలు. పెళ్ళికి ముందునుంచీ ఆయన రాతలు దిద్దిన చెయ్యి ఆమెది. పోయేముందు ఆయన మిగిలిన కథ ఇంట్లోవాళ్ళకి చెప్పాడు, కొన్ని ఘట్టాలు రాయించాడు, చిట్టచివరి ఘట్టంతో సహా. భర్త పోయిన దుఃఖంలోనే ఆమె ఆ పని ఎవరి చేతిలో పెట్టాలా అని వెతికింది. శాండర్సన్ రాసిన సంతాప వ్యాసం చదివింది, తరువాత అతని నవల ఒకటి చదివింది, సరేనంది. జోర్డాన్ ఒక్క సంపుటంతో ముగిద్దామనుకున్నది మూడయింది. ఆ మూడూ ఆమే దిద్దింది. అట్టమీద రెండు పేర్లేమిటి, మూడుండాలని నేనంటాను.

మనకిది కొత్తా? నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోతే, తిక్కన విరాటపర్వంతో ఎత్తుకున్నాడు. నడుమ మిగిలినది ఎర్రన పూరించాడు. అదీ నన్నయ పూనిక చెడకుండా, రాజరాజనరేంద్రుడి పేరిటే. శాండర్సన్ అంత అతుకు తెలియకుండా రాశాడని అనను. మ్యాట్ అనే జూదరి కుర్రవాడి హాస్యంలో తేడా నాబోటిదానికే తెలిసిపోయింది. అయినా అతను జోర్డాన్‌ని అనుకరించబోలేదు. అదీ ఒక మర్యాదేననిపించింది.

పద్నాలుగోదీ ఆఖరుదీ 2013 జనవరిలో వచ్చింది. అదీ మా బీరువాలోనే వుంది. నేనింకా పదమూడోదాని సగంలో వున్నాను. ఫోను చేసినప్పుడల్లా అమ్మాయి, “ఎంతదాకా వచ్చావమ్మా?” అని అడుగుతుంది. చివర ఏమవుతుందో చెప్పావంటే వూరుకోనని చెప్పి వుంచాను.