పదకొండు రూపాయల గొడవ కాదు: 1846 రేనాటి తిరుగుబాటు

ఈ ఎపిసోడ్ మహానంది నుంచి చేస్తున్నా. వెనక నల్లమల కనపడుతోంది కదా, ఈ రోజు కథలో సగం ఈ కొండల చుట్టూనే నడుస్తుంది.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గురించి మాట్లాడదామంటే నాకు రెండు రకాల మాటలు వినపడతాయి. 2019లో ‘సైరా’ సినిమా చూసినవాళ్ళకు ఆయన ఒక దేవుడు. కొంచెం చదువుకున్న ఇంకో బ్యాచ్ ఏమంటారంటే, "అన్నా, పింఛను ఆపేశారని కోపమొచ్చి తిరగబడ్డాడు, దాన్ని స్వాతంత్ర్య పోరాటం అంటే ఎట్ల?" అని. ఈ రెండు మాటల్లోనూ ఒక్క మనిషే ఉన్నాడు. కానీ తిరుగుబాటు అణిగిపోయాక కంపెనీ ప్రభుత్వం కేసు పెట్టింది 901 మంది మీద. ఈ 901 మందికి పింఛను లేదు కదా. మరి వాళ్ళెందుకు వచ్చినారు? నాకు అసలు కథ అక్కడే ఉందనిపిస్తుంది.

ముందు ఆ పింఛను లెక్క చూద్దాం. నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఇదేం విచిత్రమైన లెక్క అనిపిస్తుంది. అప్పట్లో రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైసలు. ఆ మొత్తాన్ని పన్నెండు నెలలకు హెచ్చించి చూడండి, సరిగ్గా 140 రూపాయలు వస్తుంది. అంటే ఏడాదికి నూట నలభై. ఒకప్పుడు కోటలు, ఊళ్ళు, సైన్యం ఉన్న పాళెగాళ్ళ వంశానికి చివరికి మిగిలింది ఇది.

ఇంత కిందికి ఎట్ల వచ్చిందంటే, 1800లో హైదరాబాద్ నిజాం తన దగ్గర పెట్టుకున్న ఇంగ్లీషు సైన్యం ఖర్చు కింద ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాడు. ఇక్కడోళ్ళను ఎవరూ అడగలేదు. అందుకే ‘దత్త మండలాలు’ అన్నారు, ఇచ్చేసిన జిల్లాలని. ఆ పేరు నచ్చకనే 1928లో ఇక్కడికి దగ్గర్లోని నంద్యాల సభలో ‘రాయలసీమ’ అని పేరు పెట్టుకున్నారు. అది ఇంకో కథ.

కంపెనీ వచ్చేసరికి ఈ మండలాల్లో సుమారు 80 మంది పాళెగాళ్ళు, వాళ్ళ కింద ముప్పై వేల దాకా ఆయుధాలు పట్టిన మనుషులు ఉన్నారు. మొదటి ప్రిన్సిపల్ కలెక్టర్ థామస్ మన్రో వాళ్ళ కోటలు, అధికారాలు తీసేసి, కొందరికి పింఛన్లు కట్టి కూర్చోబెట్టాడు. రైతు నుంచి నేరుగా శిస్తు వసూలు చేసే రైత్వారీ పద్ధతి తెచ్చాడు. ఒక్క మాట చెప్పాలి, మన్రో మీద ఇక్కడి జనానికి కోపం తక్కువే. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నోళ్ళూ ఉన్నారు. పాళెగాళ్ళ దోపిడీ పోయిందని సంతోషపడిన రైతులు నిజంగానే ఉన్నారు. పాళెగాళ్ళ కాలం స్వర్ణయుగమని నేను చెప్పను.

సరే, పాళెగాడు పోయినాడు. అతని కింద ఉన్న ముప్పై వేల మంది ఏమయ్యారు? వాళ్ళకు జీతం డబ్బుగా వచ్చేది కాదు, భూమిగా వచ్చేది. వాళ్ళనే కట్టుబడివాళ్ళు అనేవాళ్ళు. ఊరికి కావలి కాయాలి, పంట చూసుకోవాలి, పిలిస్తే కత్తి పట్టుకుని రావాలి. దానికి బదులుగా కొంత మాన్యం సాగు చేసుకుంటారు, నామమాత్రంగా ఒక కట్టుబడి మొత్తం చెల్లిస్తే చాలు. తాత చేసిన పని తండ్రి, తండ్రి చేసిన పని కొడుకు చేస్తాడు. భూమి కూడా అట్లే వస్తుంది.

ఇక్కడ మహానందిలో కూర్చుంటే ఆ మాన్యం విలువ అర్థం కాదు. కోనేటి నీళ్ళు ఎండాకాలంలో కూడా ఆగవు, కిందంతా వరి, అరటి. నంద్యాల దాటి కోయిలకుంట్ల వైపు పోండి, నల్లరేగడి, వాన పడితేనే పంట. అట్లాంటి చోట పూర్తి శిస్తు కట్టే భూమికీ, తేలికైన కట్టుబడి భూమికీ మధ్య తేడా ఏంటంటే, కరువు ఏడాది ఇల్లు నిలబడుతుందా లేదా అన్నదే.

కంపెనీకి ఇదంతా దండగ ఖర్చులాగా కనపడింది. కావలి మనం చూసుకుంటాం కదా, వీళ్ళకు భూమి ఎందుకు? ఒక కట్టుబడివాడు చనిపోతే అతని భాగం సర్కారుకు కలుపుకోవడం మొదలుపెట్టారు. పింఛన్ల సంగతీ ఇంతే. నరసింహారెడ్డికి తల్లి వైపు తాత, నొస్సం పాళెగాడు జయరామిరెడ్డి, కొడుకులు లేకుండా పోతే ఆ పింఛను రద్దు. పాళెగాడికీ, కావలివాడికీ ఒకే సూత్రం: మనిషి పోతే హక్కు పోతుంది. ఇది కొన్నేళ్ళ తర్వాత పెద్ద స్థాయిలో మీరు స్కూల్లో చదువుకున్నదే. వారసుడు లేడని ఝాన్సీని కలుపుకోవడం, పీష్వా చనిపోయాడని నానాసాహెబ్‌కు పింఛను ఆపడం, తర్వాత 1857. ఒడిశాలో ఇంకా ముందే, 1817లో, ఇట్లాగే సేవకు బదులు భూమి అనుభవించే పాయికులు ఆ భూమి పోయి తిరగబడ్డారు. రేనాడులో జరిగింది వింత కాదన్నమాట.

పింఛను కోసం మనిషిని పంపితే కోయిలకుంట్ల తహసీల్దారు అవమానించాడని జనం చెప్పుకునే కథ ఉంది. నిప్పు అక్కడ అంటుకుని ఉండొచ్చు. ఎండిన కట్టెలు మాత్రం ముందే ఊరూరా పేర్చి ఉన్నాయి. 1846 జూలై 10న కోయిలకుంట్ల ఖజానా మీద దాడి జరిగింది. వచ్చినవాళ్ళలో బోయలు ఎక్కువ. తహసీల్దారును, సిబ్బందిని చంపారు. దొరికిన సొమ్ము 805 రూపాయల 10 అణాల 4 పైసలు.

సినిమాలో తెల్లదొరల తలలు ఎగురుతుంటాయి గానీ, ఆ రోజు ఖజానాలో చనిపోయింది జీతానికి పనిచేసే మనవాళ్ళు. కంపెనీ మనకు కనపడింది ఎక్కువగా మనవాళ్ళ ముఖంతోనే: శిస్తు అడిగేవాడు, లెక్క రాసేవాడు, మాన్యం కొట్టేసినట్టు కాగితం చదివి వినిపించేవాడు. కోపం కూడా మొదట వాళ్ళ మీదే పడింది. ఇది చెప్పకుండా వీరగాథ చెప్పడం నాకు ఇష్టం లేదు.

తర్వాత సైన్యం దిగింది. ఇక్కడ గాజులపల్లె దాటి ఘాట్ ఎక్కి దిగితే గిద్దలూరు వస్తుంది, అక్కడ కెప్టెన్ నాట్ దళంతో రాత్రిపూట పోరు. తలకు వెల కట్టారు. నల్లమల కొంతకాలం కాపాడింది. 1846 అక్టోబర్ 6న పేరుసోముల దగ్గర కొండ మీద దొరికిపోయాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో, జుర్రేటి ఒడ్డున, రెండు వేల మందికి పైగా చూస్తుండగా ఉరి తీశారు. తలను కోట గుమ్మానికి వేలాడదీశారు. అది 1877 దాకా అక్కడే ఉందంటారు. ఆలోచించండి, ఉరి తీసిన ఏడాది పుట్టిన బిడ్డకు ముప్పై ఏళ్ళు వచ్చేదాకా, కోయిలకుంట్లకు పనిమీద పోయిన ప్రతిసారీ అది కనపడుతుంది. శిక్ష పడింది ఒక మనిషికి కాదు, ఒక తరానికి.

ఆ 901 మందిలో 112 మందికి 5 నుంచి 14 ఏళ్ళ దాకా శిక్షలు పడ్డాయి. మెట్ట పొలంలో పని చేసే మగమనిషి పద్నాలుగేళ్ళు లేకపోతే ఆ ఇల్లు ఏమవుతుందో మన వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. ప్రభుత్వం మాత్రం తన దారిన పోయింది. 1858లో మద్రాసు ఇనాం కమిషన్ వచ్చి మాన్యాలకు లెక్కలు కట్టింది. 1859 చట్టంతో జీతాల పోలీసు వచ్చింది. తరతరాల కావలి పని సర్కారు ఉద్యోగమైపోయింది, ఆ ఉద్యోగం పాత కావలి ఇంటికే రావాలన్న రూలేమీ లేదు.

ఇంకొకటి నాకు భలే ఆసక్తిగా అనిపిస్తుంది. అదే ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి అని ఒకాయన. 1866 కరువులో గంజి కేంద్రాలు పెట్టి వేలమందిని బతికించాడు. విక్టోరియా రాణి పేరుతో బంగారు పతకం ఇచ్చారు. ఇరవై ఏళ్ళ తేడాతో ఒకే ఊరు, ఒకరికి ఉరి, ఒకరికి పతకం. మరి జనం? ఇద్దరి మీదా పాటలు కట్టుకున్నారు. తంగిరాల వెంకట సుబ్బారావు గారు ఇద్దరినీ కలిపి రాసిన పుస్తకం పేరే ‘రేనాటి సూర్యచంద్రులు’. పతకం తీసుకున్నవాణ్ణి జనం సర్కారు మనిషి అనలేదు, ఉరి పడ్డవాణ్ణి బందిపోటు అనలేదు. ఎవరు మన ఇంటి పక్షాన నిలబడ్డారో అదే చూసుకున్నారు.

2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి నరసింహారెడ్డి పేరు పెట్టారు, మంచిదే. ఆ 901 మంది పేర్లు మాత్రం ఎక్కడా బోర్డు మీద లేవు. కోయిలకుంట్ల, అవుకు, సంజామల, రుద్రవరం వైపు వాళ్ళు ఎవరైనా చూస్తుంటే మీ జేజిని, జేజినాయనను ఒకసారి అడగండి: మన పొలంలో ఏదన్నా ముక్కను ‘కట్టుబడి మాన్యం’ అనేవాళ్ళా అని. పాత కాగితం ఉంటే ఫొటో తీసి దాచిపెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో వెంగళరెడ్డి కథ పూర్తిగా చెప్తా. ఉంటా మరి.