థామస్ మన్రో: దత్తమండలాల శిస్తు, రైతు బతుకు

1761లో స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో పుట్టి, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి 1780లో చెన్నపట్నం వచ్చిన థామస్ మన్రో, 1820 నుంచి 1827లో మరణించేవరకు మద్రాసు గవర్నరుగా ఉన్నాడు. అయినా తెలుగువారికి ఆయనను దగ్గర చేసింది గవర్నరు పదవి కన్నా, 1800 నుంచి 1807 వరకు దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా గుడారాల్లో మకాం చేస్తూ పల్లెపల్లెకూ తిరిగిన కాలమే.

సైనిక సహాయానికి ప్రతిగా నిజాం 1800లో కంపెనీకి వదులుకొన్న కడప, బళ్ళారి, అనంతపురం ప్రాంతాలకు దత్తమండలాలని పేరు వచ్చింది. అక్కడ కోటలు, సాయుధ బంట్లతో శిస్తు వసూలు చేసుకొంటూ వచ్చిన ఎనభై మంది పాళెగాళ్ళను, అంటే స్థానిక నాయకులను, మన్రో సైనిక బలంతో అణచి, కొందరిని తొలగించి, కొందరిని పింఛన్లకు పరిమితం చేశాడు. అంతకు ముందు బారామహల్‌లో అలెగ్జాండర్ రీడ్ వద్ద నేర్చిన రైత్వారీని, అనగా మధ్యవర్తి లేకుండా ప్రభుత్వం ప్రతి రైతుతోను నేరుగా శిస్తు నిర్ణయించుకొనే పద్ధతిని, ఇక్కడ విస్తరించాడు. 33 అడుగుల గొలుసుతో పొలాలు కొలిపించి, అంత పొడవు, అంత వెడల్పు గల చదరాలు నలభై కలిస్తే ఎకరమని లెక్కకట్టి, నేల సారాన్ని బట్టి తరగతులు ఏర్పరచారు.

అయితే ఆ కొలతలపై నిలిపిన శిస్తు తేలికైనది కాదు. మొత్తం పంటలో దాదాపు 45 శాతం సర్కారుకే పోతుందని గ్రహించిన మన్రో, మూడోవంతుకు మించరాదని, అందుకు శిస్తును నాలుగోవంతు తగ్గించాలని 1807లో స్వయంగా సిఫార్సు చేయగా, ఆదాయం పడిపోతుందన్న భయంతో పైవారు ఒప్పుకోలేదు. ఆ తగ్గింపు ఆయన గవర్నరు అయ్యాక గాని అమలులోకి రాలేదు. ఈ ఆలస్యానికి మూల్యం చెల్లించినది కరువు సీమ రైతే గనుక, మన్రో చరిత్రలో దీనిని చిన్న విషయంగా దాటవేయడం న్యాయం కాదు.

గవర్నరుగా ఆయన 1822లో జిల్లాల బడుల లెక్కలు పంపమని ఆదేశించగా 12,498 బడులు తేలాయి. దేశీయులకు ఉన్నతోద్యోగాలు నిరాకరించడం వల్ల ప్రజల శీలమే దిగజారుతుందని 1824 డిసెంబరు 31 నాటి మినిట్‌లో, అంటే పాలనా విషయాలపై రాసిన అధికార వ్యాఖ్యలో, హెచ్చరించాడు. ఒక విదేశీ పాలకుడు తన ప్రభుత్వంపైనే చేసిన ఈ విమర్శకు నేటికీ విలువ ఉంది.

1827 జూలై 6న, దత్తమండలాల సీమలో చివరి పర్యటన చేస్తూ, పత్తికొండలో కలరాతో ఆయన మరణించాడు. గుత్తిలో ఖననం చేసిన అస్థికలను 1831లో చెన్నపట్నం కోటకు తరలించారు. సీమవాసులు బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నంత అభిమానం అబద్ధం కాదు. కాని ఆయన రైతును మధ్యవర్తి చేతినుంచి విడిపించగలిగాడే తప్ప, కంపెనీ ఖజానా ఆకలినుంచి విడిపించలేకపోయాడు.