ఫారం 26: జెండా పట్టని వాళ్ల చరిత్ర

(కోరుట్లలో చేసిన స్మారకోపన్యాసం)



ఈ రోజు మనం తలుచుకుంటున్న సారు ఏనాడూ ఏ పార్టీ కండువా వేసుకోలేదు. 2004 ఎన్నికలప్పుడు ఆయన జగిత్యాల వెళ్లి, నోటీసు బోర్డు మీద పెట్టిన అభ్యర్థుల అఫిడవిట్లను నిలబడి నోటుబుక్కులోకి ఎక్కించుకొని వచ్చారు. ఎవరికి ఎంత భూమి, ఎంత అప్పు, ఎన్ని కేసులు, అన్నీ అందులో ఉన్నాయి. సాయంత్రాలు హోటల్ ముందు బల్ల మీద కూర్చొని అడిగినవాళ్లందరికీ చదివి వినిపించారు. ఓటు ఎవరికి వెయ్యాలో మాత్రం ఒక్కరికీ చెప్పలేదు. నేను గుచ్చి గుచ్చి అడిగినా చెప్పలేదు.

ఆయన ఎక్కించుకున్న ఆ కాగితం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికే ఇవాళ మీ ముందు నిలబడ్డాను.

మన ప్రాంతంలో సర్కారును ప్రశ్నించడం కొత్తేమీ కాదు. 1978 సెప్టెంబరులో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ అక్టోబరులోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. నలుగురు ఒకచోట కూడితే అనుమానంగా చూసిన కాలం అది. ఆ రోజులు చూసిన పెద్దలు ఈ సభలోనే ఉన్నారు, వాళ్ల ముందు నేను వివరించబోను. ఒక్కటి మాత్రం అంటాను. ప్రశ్నించినవాణ్ని శత్రువుగా చూసే పాలన ఎంత బరువో తెలిసిన నేల మనది. అందుకే శాంతంగా, కాగితం చేతబట్టి లెక్క అడిగే పద్ధతి విలువ మనకు ఎక్కువ తెలియాలి.

1996లో జయప్రకాశ్ నారాయణ్ ఐఏఎస్ వదిలి వచ్చి, మిత్రులతో కలిసి లోక్‌సత్తాను మొదలుపెట్టారు. అప్పటికది పార్టీ కాదు. ప్రభుత్వాన్ని మార్చడం కాదు, ప్రభుత్వం పనిచేసే తీరును మార్చాలి అన్నది దాని వాదం. పెట్రోలు బంకుల్లో కొలత సరిగా ఉందా, ఓటర్ల జాబితాలో చనిపోయినవాళ్ల పేర్లెన్ని, ఆఫీసులో అర్జీ ఎన్నాళ్లు పడి ఉండాలి వంటి చిన్న ప్రశ్నలతో అది జనంలోకి వచ్చింది. 1999 ఎన్నికల్లో నేరచరిత్ర ఉన్న అభ్యర్థుల పేర్లు బయటపెట్టింది. అదే ఏడు అహ్మదాబాద్ ఐఐఎం ఆచార్యులు కొందరు ఏడీఆర్ అనే సంస్థ పెట్టి, అభ్యర్థుల వివరాలు ఓటరుకు తెలియాలని ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు.

2002 మే 2న సుప్రీంకోర్టు ఓటరు పక్షాన తీర్పు ఇచ్చింది. అభ్యర్థి తన కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు ప్రమాణం చేసి చెప్పాలంది. అప్పుడు ఏమైందో యువకులు గుర్తుపెట్టుకోవాలి. ఏ విషయంలోనూ కలవని పార్టీలు ఈ ఒక్క విషయంలో కలిసిపోయాయి. ఆగస్టులో ఆర్డినెన్సు వచ్చింది, తర్వాత దాన్నే చట్టం చేశారు. కోర్టు చెప్పినంత చెప్పనక్కర్లేదన్నది దాని సారం. దాని మీద పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్, లోక్‌సత్తా, ఏడీఆర్ విడివిడిగా పిటిషన్లు వేశాయి. 2003 మార్చి 13న సుప్రీంకోర్టు చట్టంలోని ఆ సెక్షన్‌ను కొట్టేసింది. మరుసటి ఏడాదే సారు నోటుబుక్కు పట్టుకొని జగిత్యాల వెళ్లారు. ఆ అఫిడవిట్టునే ఇప్పుడు ఫారం 26 అంటున్నాం. ఒక్క గడి కూడా ఖాళీగా వదలకూడదని 2013లో కోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

ఈ కథకు మన ఊళ్లలో ఇంకో అధ్యాయం ఉంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైంది అదే.

నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లుంటే, కోరుట్ల, జగిత్యాల రెండూ అందులోవే. 2019లో పసుపుకు క్వింటాలుకు 15,000, ఎర్రజొన్నకు 3,500 రూపాయల మద్దతు ధర కావాలని, పసుపు బోర్డు కావాలని రైతులు రోడ్డెక్కారు. ఎవరూ వినలేదు. అప్పుడు వాళ్లు నామినేషన్లు వేశారు. ఒక్కొక్కరు 25,000 రూపాయల డిపాజిట్టు కట్టాలి. స్వతంత్రులు కాబట్టి పది మంది ప్రతిపాదకుల సంతకాలు తేవాలి. ఆపైన ఫారం 26 నింపాలి. కల్లంలో పసుపు ఆరబోసి వచ్చిన రైతు నోటరీ ముందు కూర్చొని, నాకింత చెలక, నా భార్య మీద ఇంత బంగారం, బ్యాంకులో ఇంత అప్పు అని ప్రమాణం చేశాడు. నాయకుల గుట్టు విప్పడానికి పుట్టిన కాగితం మీద రైతు తన అప్పును దేశానికి చూపించాడు.

మొత్తం 185 మంది బరిలో నిలిస్తే, అందులో 178 మంది రైతులే. ఏప్రిల్ 11న ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు వరుసగా పెట్టాల్సి వచ్చింది. 1996లో ఫ్లోరైడు నీళ్ల గోస వినిపించడానికి నల్లగొండలో 480 మంది పోటీ చేసిన చరిత్ర ఉంది. ఆ ఏడాదే లోక్‌సభకు డిపాజిట్టును 500 నుంచి 10,000కు పెంచారు. గోస చెప్పుకోవడానికి కట్టే రుసుము అలా పెరుగుతూ వచ్చింది. అయినా మన రైతులు వెనక్కి తగ్గలేదు. వాళ్లలో ఎవరూ గెలవలేదు. కానీ 2025లో సంక్రాంతి నాడు నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైంది. బోర్డు వచ్చింది మా వల్లే అని ఎవరు చెప్పుకున్నా, ఆ 178 ప్రమాణపత్రాలను పక్కనపెట్టి ఆ చరిత్ర రాయలేరు.

ఇక నొప్పి కలిగించే మాట ఒకటి చెప్పాలి. 2006 అక్టోబరు 2న లోక్‌సత్తా పార్టీ అయింది. 2009లో కూకట్‌పల్లిలో జయప్రకాశ్ నారాయణ్ ఒక్కరే గెలిచారు. 2016లో పార్టీ ఎన్నికల నుంచి తప్పుకుంది. ఆ నిర్ణయం వెనక ఉన్న నిజాయితీని నేను శంకించను. అయినా నా అభిప్రాయం దాచుకోను. పోటీదారుగా మారిన రోజే, అందరినీ ఒకే గొంతుతో లెక్క అడిగే అధికారం సగం పోయింది. సారు కూడా ఆనాడు చాలా బాధపడ్డారు. ఆ తర్వాత ఆ పని చేతులు మారింది. హైదరాబాద్‌లో ఫోరం ఫర్ గుడ్ గవర్నెన్స్ లాంటి సంస్థలు లేఖలతో, సమాచార హక్కు దరఖాస్తులతో దాన్ని నడిపిస్తున్నాయి. 2005 అక్టోబరు 12న అమల్లోకి వచ్చిన సమాచార హక్కు చట్టం వాళ్ల ప్రధాన ఆయుధం. మరి మన రాష్ట్రంలో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా సమాచార కమిషన్‌లో కమిషనర్లే లేరు. అన్నాళ్లూ చట్టం ఉన్నా, అప్పీలు వినే నాథుడు లేకపోయాడు.

ఊరి పాలనకూ ఇదే గతి పట్టింది. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. 29 అంశాలు పంచాయతీలకు అప్పగించవచ్చని పదకొండో షెడ్యూల్ చెబుతోంది. ఇన్నేళ్లయినా నిధులు, ఉద్యోగులు, అధికారం హైదరాబాద్ గుప్పిట్లోనే ఉన్నాయి. 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల గడువు తీరాక 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగేదాకా ఊళ్లను ప్రత్యేకాధికారులే నడిపారు. సర్పంచి ఎన్నికకు పార్టీ గుర్తులుండవు. చట్టమే ఆ పదవిని పార్టీలకు అవతల పెట్టింది, మనమే లాక్కొచ్చి వాటి చేతిలో పెడుతున్నాం. సిరిసిల్ల మిత్రులకు ఈ మాట ఇంకా బాగా తెలుసు. 1970లో మొదలైన మీ విద్యుత్ సహకార సంఘం సెస్‌కు సభ్యులే యజమానులు. సాంచాలకు, మోటార్లకు కరెంటిచ్చే సంస్థకు మీరే పాలకవర్గాన్ని ఎన్నుకుంటారు. దేశంలో ఎంతమందికి ఆ భాగ్యం ఉంది? 2022 డిసెంబరు ఎన్నికల్లో అదీ పార్టీల కుస్తీ గోదా అయింది.

మిత్రులారా, 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ప్రతి రెండు నెలలకు ఒకసారైనా గ్రామసభ జరగాలి. సారు పేరున ఏటా ఇలా సభ పెట్టి దండ వెయ్యడంతో ఆగకండి. వచ్చే గ్రామసభకు మీ ఊరి నుంచి పది మంది పోండి. జమాఖర్చుల పుస్తకం తెప్పించి, చదివి వినిపించమని అడగండి. నోటుబుక్కు వెంట తీసుకుపోండి.