మాంద్యంలో ప్రభుత్వ ఖర్చు
(బోనకల్‌లో పాల సంఘ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగం)



2019లో వ్యాపారాలు మందగించినప్పుడు, సెప్టెంబరు నెలలో కేంద్రం రాయితీలు వదులుకున్న కంపెనీలకు పన్నును 30 నుండి 22 శాతానికి తగ్గించింది. అదే నెలలో మన రాష్ట్రం, ఫిబ్రవరిలో 1,82,017 కోట్లుగా వేసిన బడ్జెట్టును 1,46,492 కోట్లకు కుదించింది. రాష్ట్రానికి అప్పు పరిమితి ఉన్నమాట నిజమే. అయినా గిరాకీ పడిపోయిననాడు కోత పెడితే అది ఇంకా పడిపోతుందని మేమంటాము.

విజయ డెయిరీకి పాలు పోసేవారికి 2014లో ప్రకటించిన లీటరుకు 4 రూపాయల ప్రోత్సాహకమే చూడండి. పది లీటర్లు పోసే ఇంటికి రోజుకు 40 రూపాయలు. అది వారం తిరగకముందే దాణా కొట్టుకు, కిరాణా కొట్టుకు చేరుతుంది. కంపెనీకి మిగిలిన పన్ను అట్లా కాదు; సరుకు కొనేవారే లేనప్పుడు కొత్త ఫ్యాక్టరీ ఎవరు పెడతారు?

పన్ను తగ్గింపులన్నీ దండగ అనము. 2025 సెప్టెంబరు 22 నుండి నెయ్యి, వెన్నలపై జి.ఎస్.టి. 12 నుండి 5 శాతమైనది. అమ్మకం పెరిగితే అందులో మన పాలకు ఎంత ముట్టిందో మహాజన సభలో లెక్క అడగండి.