అవసరాల పత్రము – పరిశీలన

సాఫ్ట్‌వేరు డిజైనులోను, కోడులోను దోషములను వెదకుటకై ఐ.బి.ఎం. సంస్థకు చెందిన మైకేల్ ఫాగన్ 1976లో ప్రకటించిన తనిఖీ విధానము, ముందుగా ఎవరికి వారు చదువుట, పిదప సమావేశమై దోషములను నమోదు చేయుట, సవరణలను సరిచూచుట అను క్రమముతో, కాలక్రమమున సాఫ్ట్‌వేరు ఏమి చేయవలెనో తెలుపు అవసరాల పత్రములకును విస్తరించినది. అయినను దానిని యథాతథముగా ఎల్లెడల నెలకొల్పబూనుట తగదు. మార్పు స్వల్పమైనచో ఇరువురి పఠనము చాలును, ప్రాణరక్షణకు సంబంధించిన వైద్యపరికరమైనచో సంపూర్ణమైన తనిఖీయే శరణ్యము.

అవసరాల పత్రములోని “జవాబు త్వరగా రావలెను” వంటి వాక్యమునకు అందరును తలయూపుదురు గాని, పరీక్షకుని దృష్టితో చదువువాడు “ఎన్ని సెకండ్లలో?” అని నిలదీయును. వినియోగదారుడు, నిర్మాత, పరీక్షకుడు అను వేర్వేరు దృక్కోణములనుండి చదువు పద్ధతిని పరీక్షించి విక్టర్ బాసిలీ బృందము 1996లో ప్రకటించిన పరిశోధన ఇట్టి అస్పష్టతలను పట్టుటకు మిక్కిలి ఉపకరించును. అట్టి పఠనమునకు పనివేళలలోనే వ్యవధి కల్పింపుడని నిర్వాహకులను కోరుచున్నాను.