క్రోమ్ గట్టిదనం: కోడ్ కరెక్టే, టెస్టే తప్పు!

జేసీబీ చేతిలో తళతళ మెరుస్తూ కదిలే రాడ్ చూశారుగా? లోపల స్టీల్, పైన హార్డ్ క్రోమ్ పొర.

మా ఫ్రెండ్ వర్క్‌షాప్‌లో అలాంటి రాడ్లు రిజెక్ట్ అయ్యాయి. డ్రాయింగ్‌లో 65 రాక్‌వెల్ సి అడిగారు, మెషిన్ 30 చూపించింది. ప్లేటింగ్ చేసినాయనకి పేమెంట్ ఆపేశారు.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఈ టెస్టులో డైమండ్ మొనని 150 కిలోల లోడుతో నొక్కుతారు. 100 నుంచి తగ్గిన ఒక్కో పాయింట్‌కి 2 మైక్రాన్ల లోతు. 30 వచ్చిందంటే మొన 140 మైక్రాన్లు దిగినట్టు. క్రోమ్ ఉన్నదేమో 25 మైక్రాన్లే! అంటే మెషిన్ కొలిచింది కింద ఉన్న స్టీల్‌ని.

మరి ఏం చేయాలి? మైక్రో వికర్స్ టెస్ట్. లోడ్ 100 గ్రాములే. 900 గట్టిదనం ఉన్న క్రోమ్‌లో మొన దిగేది సుమారు 2 మైక్రాన్లు. పొర మందంలో పదో వంతు దాటకూడదన్నది రూల్. సరిపోయింది.

అందుకే డ్రాయింగ్‌లో ఇలా రాయండి: క్రోమ్ మందం 25 మైక్రాన్లు, గట్టిదనం కనీసం 850 హెచ్‌వీ 0.1. స్టీల్ గట్టిదనం వేరే లైన్లో.

ఆ రాడ్లకి మళ్లీ ఇలాగే టెస్ట్ చేయించారు. క్రోమ్ పాస్, ఆయన డబ్బులూ వచ్చాయి. రిజెక్ట్ చేసేముందు టెస్ట్‌ని కూడా ఒకసారి టెస్ట్ చేయండి. ఉంటా మరి!